చేపలకి మేత వేశామని చెప్పండి

డిప్లొమా అందుకున్న పిల్లలందరికీ అభినందనలు. నా గురించి పరిచయంలో చెప్పినదాంట్లో సగం మా ఆవిడ ఒప్పుకోదు. కాబట్టి దాన్ని అక్కడే వదిలేసి విషయానికొస్తాను.

రేపు ఏ పరిశ్రమలు వస్తాయో, ఏ ఉద్యోగాలు పోతాయో నేను చెప్పను. మేం ఇక్కడ డిప్లొమా పుచ్చుకున్న రోజున ఒకాయన అలాంటి జోస్యాలు చాలా చెప్పారు. ఒక్కటీ జరగలేదు. పిల్లల కార్యక్రమాలు నడిపిన కొందరి గురించి నేను మాట్లాడతాను. నవ్వండి, ఫర్వాలేదు. మెకానికల్ బ్రాంచి వాళ్లు మరీ ఎక్కువ నవ్వుతున్నారు.

మా అమ్మ చిన్నతనంలో వాళ్ల వీధి మొత్తానికి ఒకే రేడియో. ఆదివారం ఆ ఇంటి అరుగు మీద గుంటలంతా చేరి మద్రాసు కేంద్రం నుంచి వచ్చే పిల్లల కార్యక్రమం వినేవారట. నడిపింది న్యాయపతి రాఘవరావు గారు, ఆయన భార్య కామేశ్వరి గారు. తెలుగునాడంతా వాళ్లని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచింది. అన్నయ్య 1905లో మన విశాఖకి పక్కనున్న బరంపురంలో పుట్టారు. రైలెక్కితే మనకి ఒక పూట ప్రయాణం. 1940లో ఇద్దరూ కలిసి మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ 1956లో హైదరాబాదు చేరి, అక్కడా పిల్లలతోనే గడిపారు. అక్కయ్య 1980లో, అన్నయ్య 1984లో కన్నుమూశారు.

మా అమ్మకి ఎనభై దాటాక మనవల పేర్లు తారుమారయ్యేవి. ఒకణ్ణి పిలవబోయి నలుగుర్నీ పిలిచేది. రేడియో అన్నయ్య గొంతు మాత్రం అనుకరించి చూపించేది. ఏం చెప్పేవారమ్మా అంటే ఒక్క సంగతీ గుర్తులేదు. ఎలా చెప్పేవారో గుర్తుంది. పాఠం మరిచిపోయి పలకరింపు గుర్తుంచుకోవడం ఏమిటని నేను చాలాకాలం ఆలోచించాను.

నాకు తోచింది ఇది. వాళ్లిద్దరూ మైకుని పిల్లలకిచ్చారు. పాట పిల్లలది, పద్యం పిల్లలది, నాటకం పిల్లలది. పత్రికలోనూ అంతే. ముళ్ళపూడి వెంకటరమణ గారి తొలి కథ 'అమ్మ మాట వినకపోతే' 1945లో ఆ 'బాల'లోనే అచ్చయింది. అప్పటికాయనకి పద్నాలుగేళ్లు. ఆ వయసు కుర్రాడు కథ పట్టుకొస్తే మనమేం చేస్తాం? ముందు లెక్కల్లో మార్కులెన్నని అడుగుతాం. తల్లిదండ్రులు అటు చూడకండి, మిమ్మల్నే అంటున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం కథ ఒకటి చెప్పాలి. డిప్లొమా అవగానే ఒక చిన్న ప్రైవేటు వర్క్‌షాపులో చేరాను. పేరు అనవసరం, ఇప్పుడది లేదు కూడా. అక్కడి ఫోర్‌మన్ పనిలో దిట్ట, నోరు మాత్రం కొరివి. ఒకరోజు కొత్తగా వచ్చిన హెల్పర్‌కి ఫలానా మోటారుకి కరెంటు తీసెయ్యమని చెప్పి, అలవాటు ప్రకారం "అర్థమైందా?" అని గద్దించాడు. "అయింది సార్" అన్నాడు కుర్రాడు. వెళ్లి పక్క మోటారుకి తీశాడు. పనిలో ఉన్న ఫిట్టర్‌కి రెండు వేళ్లు పోయాయి.

విచారణ కాగితంలో 'హెల్పర్ నిర్లక్ష్యం' అని రాశారు. తర్వాత టీ కొట్టు దగ్గర ఆ కుర్రాడు నాతో అన్న మాట వేరు: "రెండోసారి అడిగితే తిడతారని ఊరుకున్నానండి."

నా ఉద్యోగ జీవితమంతా ఆ మాట నన్ను వదల్లేదు. విశాఖ ఉక్కులో చేరాక, పనిచేసింది చాలు, ఇక కొత్తవాళ్లకి నేర్పమని నన్ను శిక్షణ విభాగంలో వేశారు. మిత్రులు జాలిపడ్డారు. అది శిక్ష అని వాళ్ల ఉద్దేశం. గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల పక్కన పనిచేసేవాడికి తరగతి గది చప్పగా ఉంటుందని వాళ్ల లెక్క. నాకు అక్కడే ఫ్రెడ్ రోజర్స్ అనే అమెరికా ఆయన పరిచయమయ్యాడు. మనిషి కాదు, ఒక పాత వీడియో.

రోజర్స్ పిట్స్‌బర్గ్‌లో పనిచేశాడు. అదీ మనలాగే ఉక్కు ఊరే. 1968 నుంచి 2001 వరకు అక్కడి టీవీ కేంద్రం నుంచి చిన్నపిల్లల కార్యక్రమం నడిపాడు. ఇంట్లోకి రావడం, కోటు తీసి స్వెటర్ వేసుకోవడం, తోలు బూట్లు విప్పి కాన్వాస్ బూట్లు తొడుక్కోవడం, కెమెరా కళ్లలోకి చూస్తూ మెల్లగా మాట్లాడటం. ఇంతే. ఆయన్ని చూసి మీరు కాన్వాస్ బూట్లతో మిల్లుకి రాకండి, గేటు దగ్గరే ఆపేస్తారు. క్రేయాన్లు ఎలా తయారవుతాయో చూపించిన ఎపిసోడ్ ఒకటుంది. కరిగిన మైనం అచ్చుల్లో పడటం దగ్గర్నుంచి రంగులు డబ్బాలోకి చేరేదాకా తొందర లేకుండా చూపిస్తాడు. ప్రాసెస్ గురించి అంత శుభ్రంగా చెప్పిన పాఠం నేను ఇంజనీరింగ్ పుస్తకాల్లోనూ తక్కువే చూశాను.

ఆ సెట్టులో ఒక చేపల తొట్టి ఉండేది. రోజూ మేత వేసేవాడు. ఒక చూపులేని పాప దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మీరు చేపలకి మేత వేస్తున్నారో లేదో నాకు తెలియడం లేదు, దిగులుగా ఉంది, వేసినప్పుడు పైకి చెప్పండి అని. ఆ తర్వాత ఆయన మేత వేస్తున్నప్పుడు, చేపలకి మేత వేస్తున్నానని పైకి చెప్పడం మొదలుపెట్టాడు.

నేను దీన్ని ప్రతి కొత్త బ్యాచికీ చెప్పాను. క్రేన్ కింద పనిచేసేవాడికి పైన క్యాబిన్‌లో ఏం జరుగుతోందో కనబడదు. ప్యానెల్ దగ్గరున్నవాడికి మోటారు దగ్గరున్నవాడు కనబడడు. కాబట్టి చేసేపనేదో పైకి చెప్పండి, అవతలివాడు తిరిగి చెప్పేదాకా ఆగండి అన్నాను. మా బ్యాచీల్లో దానికి "చేపల మేత" అని పేరు పడింది. ఫోనులో "చేపలకి మేత వేశాం సార్, షట్‌డౌన్ తీసుకున్నాం" అంటుంటే కొత్తగా వచ్చిన ఆఫీసర్లు మాకు మతిపోయిందనుకునేవారు.

మన టీవీలో అలాంటి మనిషి ఎవరంటే నేను గాయకుడు ఎస్పీ బాలు గారి పేరు చెబుతాను. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. ఆయన అనంతపురంలో ఇంజనీరింగులో చేరి పూర్తిచేయలేదు. ఆ ఒక్క విషయంలో మీరు ఆయన కంటే మేలు, ఇంటికెళ్లి చెప్పుకోండి. ఆ వేదిక మీద చిన్నపిల్లలు పాడితే ఆయన తప్పు వదిలేవారు కాదు. ఎక్కడ జారిందో తనే పాడి చూపించేవారు. పిల్ల తల ఊపి, మళ్లీ పాడి, నవ్వుకుంటూ వెళ్లేది. ఇప్పుడు కొన్ని పోటీలు చూస్తుంటే నాకు కడుపు రగులుతుంది. ఏడేళ్ల పసివాడు ఓడిపోతే డప్పులు మోగించి, ఆ ఏడుపుని మూడు వైపుల నుంచి చూపిస్తారు. మనం పకోడీలు తింటూ చూస్తాం.

మీ తరంతో నాకున్న బెంగ కూడా ఇక్కడే. మీకు నెమ్మది అంటే చులకన. మా మనవడు నేను పంపిన వాయిస్ మెసేజీ ఒకటిన్నర స్పీడులో వింటాడు. తాత మాట అలా వింటే ఎలుక మాట్లాడినట్టుంటుంది కదరా అంటే, "ఎలుకైనా తొందరగా అయిపోతుంది తాతా" అన్నాడు. సరే, తాతల సంగతి వదిలేయండి. పనిలో మీకంటే నెమ్మదిగా అర్థమయ్యేవాడు ఎదురవుతాడు. ఒడిశా నుంచో ఎక్కణ్ణుంచో వచ్చి, ఇంగ్లీషు రాక, మీ తెలుగు కూడా సగమే అర్థమై నిలబడి ఉంటాడు. వాణ్ణి ఒకటిన్నర స్పీడులో తిప్పలేరు.

అలాంటివాడితో ఎలా మాట్లాడాలో మన పేటలోనే తెలుస్తుంది. ఊర్వశి జంక్షన్ నుంచి ఐటీఐ దాకా మన కంచరపాలెంలో రెండిళ్లకొకరు ఫిట్టరో, వెల్డరో, రైల్వే ఉద్యోగో ఉంటారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో చాలామంది ఇక్కడి మామూలు జనమే నటించారు, దేశమంతా మెచ్చుకుంది. వాళ్ల మాటతీరే ఆ సినిమాకి బలం అని నా అభిప్రాయం. ఆ మాటతీరు మీ ఇళ్లలో ఉచితంగా దొరుకుతుంది. హెల్మెట్ పెట్టుకోగానే దాన్ని గేటు బయట వదిలేసి, ఎక్కడో విన్న గద్దింపు అరువు తెచ్చుకోకండి.

మీలో కొందరు వచ్చే వారం చేరబోతున్నారని చెప్పారు. ఏడాది తిరక్కుండానే మీ కింద ఒక హెల్పర్ వస్తాడు. వాణ్ణి "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. దానికి ఈ దేశంలో ఒకటే జవాబు. "ఇప్పుడు నువ్వేం చేయబోతున్నావో నాకు చెప్పు బాబూ" అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగండి. సాధన ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. ఈ డిప్లొమాతో మీరు చేయబోయే పనేమిటో మీ అమ్మానాన్నలకి మెల్లగా చెప్పండి. వాళ్లు రెండోసారి అడిగితే విసుక్కోకుండా మళ్లీ చెప్పండి.