2001: ఎ స్పేస్ ఒడిస్సీ – సినిమా చూశాక నవల చదివితే

కుబ్రిక్ తీసిన ఈ సినిమా చూసినవాళ్ళకి ఒక ప్రశ్న మిగిలిపోతుంది. హాల్ అనే ఆ కంప్యూటర్ మనుషుల్ని ఎందుకు చంపింది? సినిమా విడమర్చి చెప్పదు. ఆర్థర్ సి. క్లార్క్ నవల చెబుతుంది.

సినిమా ఆడింది కదా అని తర్వాత రాయించిన నవల కాదిది. ఇద్దరూ కలిసి కథ అల్లుతుంటే స్క్రిప్టూ, నవలా పక్కపక్కనే తయారయ్యాయి. 1968లోనే ముందు సినిమా, కొన్ని నెలలకి పుస్తకం వచ్చాయి. సినిమాలో ఓడ గురుగ్రహానికి వెళ్తుంది, నవలలో శని దాకా పోతుంది. అది పెద్ద విషయం కాదు లెండి.

అసలు సంగతి హాల్‌ది. నిజాన్ని దాచడం తెలియని యంత్రం అది. ప్రయాణం అసలు ఉద్దేశం బోమన్‌కీ పూల్‌కీ చెప్పొద్దని దానికే ఆజ్ఞ! ఆ రెండిటి మధ్యా నలిగి తప్పులు చేయడం మొదలుపెడుతుంది. ఆపేస్తామంటారు. నిద్రంటే ఏమిటో ఎరగని దానికి అది చావుతో సమానం. ఇది చదివాక నాకు హాల్ మీద జాలేసింది, కోపమంతా భూమ్మీద కూర్చుని ఆ ఆజ్ఞ ఇచ్చినవాళ్ళ మీదికి పోయింది.

ముగింపు మాత్రం నాకు సినిమాలోదే ఇష్టం. మాటల్లో పెట్టేసరికి ఆ వింత కొంచెం పలచబడింది. అందుకని ముందు సినిమానే చూడండి.