రాత్రి రెండింటికి అదే ఫొటో మళ్ళీ జూమ్ చేస్తున్నారా?

ఈరోజు డైరెక్ట్‌గా పాయింట్‌కి వచ్చేస్తా.

ఫేర్‌వెల్ గ్రూప్ ఫొటోలో అరవై మంది ఉంటారు. మనం జూమ్ చేసేది మాత్రం మన మొహాన్నే. పొట్ట కనిపిస్తోంది, నల్లగా పడ్డాను, ఈ పళ్ళేంటి... ఇంతవరకూ ఓకే, అందరికీ ఉండేదే. హాస్టల్ మంచం మీద రాత్రి రెండింటికి అదే ఫొటో పదోసారి తెరిచారు చూడండి, నేను మాట్లాడేది దాని గురించి.

కొన్నేళ్ళు కోడ్ రాసినవాణ్ణి కదా, నాకిది ఇన్ఫినిట్ లూప్‌లా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, అవుట్‌పుట్ మాత్రం రాదు. సైకాలజీలో దీన్ని రూమినేషన్ అంటారు. ఆ మాటకి నెమరువేయడం అని కూడా అర్థం. గేదె నెమరేస్తే కనీసం మేత అరుగుతుంది. మనకి అదీ లేదు.

సుసాన్ నోలెన్-హోక్సిమా అని ఒక సైకాలజిస్ట్. 1989లో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే ఆవిడ స్టాన్‌ఫర్డ్ స్టూడెంట్స్ మూడ్ ఎలా ఉంది, బాధ కలిగితే ఏం చేస్తారు అన్నవి కొలిచి పెట్టుకున్నారు. భూకంపం తర్వాత మళ్ళీ కొలిచారు. నెమరేసే అలవాటు ముందే ఉన్నవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువ, ఏడు వారాల తర్వాత కూడా. భూమి అందరికీ ఒకేలా ఊగింది మరి.

మనకి భూకంపం అక్కర్లేదు. పెళ్ళిలో ఒక అత్తయ్య "ఏంట్రా ఇంత లావయ్యావు" అంటే చాలు. భోజనాల వరుసకి వెళ్ళేలోపే ఆవిడ మర్చిపోతుంది. మనం సెమిస్టరంతా మోస్తాం. ("బండోడా" అని పిలిచి "సరదాకి మామా" అనే బ్యాచ్ ఒకటుంది. నాకైతే అది సరదాలా ఎప్పుడూ అనిపించలేదు.)

పైగా ఇన్‌పుట్టే తేడా. సెల్ఫీని 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల నుంచి తీసినదానికంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కకట్టారు. ఎదుటివాళ్ళు మిమ్మల్ని 12 అంగుళాల నుంచి చూస్తున్నారా?

ఈ లూప్‌తో చిక్కేంటంటే, ఏదో సొల్యూషన్ వెతుకుతున్నట్టే ఫీలింగ్ ఇస్తుంది. నేను పెట్టుకున్న టెస్ట్ సింపుల్. పది నిమిషాలు ఆలోచించాక రేపు చేయాల్సిన పని ఒక్కటైనా వచ్చిందా? రాలేదంటే అది లూపే.

"ఆలోచించకు" అంటే ఆగదు. దిగులుగా ఉన్నవాళ్ళకి ఆవిడ ప్రయోగాల్లో 8 నిమిషాలు తమకి సంబంధం లేని విషయాలు ఊహించుకోమన్నారు, తెలిసిన షాపింగ్ మాల్ లోపల ఎలా ఉంటుంది లాంటివి. మూడ్ తేలికపడింది. తమ గురించే తవ్వుకున్నవాళ్ళకి దిగులు ఇంకా పెరిగింది. 8 నిమిషాలే! అంటే బకెట్‌లో నానేసిన బట్టలు ఉతికేంత టైమ్. రీల్స్ మాత్రం వద్దు, అక్కడ మళ్ళీ సిక్స్‌ప్యాక్‌లే.

తిండి మానేసే దాకా, క్లాసుకి వెళ్ళలేని దాకా వస్తే మాత్రం ఈ చిట్కాలు సరిపోవు. టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. ప్రభుత్వానిది, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబర్ స్క్రీన్ మీద వేశాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.