జొన్న చేలో నాము: పాడి పశువుకు ముప్పు
(పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



మేము లెక్కలు తనిఖీ చేసేవారము. ఒక సంఘంలో పాల రిజిస్టరు చూస్తుండగా ఒక సభ్యురాలి పేరుకెదురుగా అంకెలు హఠాత్తుగా ఆగిపోయాయి. విచారించగా, ఆమె ఆవు పగ్గం తెంచుకుని, వానల్లేక మోకాలెత్తులోనే వాడిన జొన్నచేలో పడి మేసి, గంటలోపే చనిపోయిందన్నారు. ఆవు పోయింది, అప్పు మిగిలింది. అందువల్ల నేడు లెక్కలు పక్కన పెట్టి ఆకు సంగతి మనవి చేస్తాము.

మామిడి ముక్కలకు ఉప్పు పడితే నీరు ఊరుతుంది కదా. చిక్కని రసం నీటిని తనవైపు లాగుతుంది. నేల ఎండినప్పుడు మొక్క చేసేదీ అదే. ఆకులో చక్కెరలు, ప్రోలీన్ అనే పదార్థం కూడబెట్టి, ఉన్న తేమను పట్టి ఉంచుకుంటుంది. మన వేరుశనగ కూడా బెట్టలో ఇలాగే ప్రోలీన్ పెంచుకుంటుంది.

జొన్నలో మరొకటి కూడా ఉంది. దాని లేత ఆకులో ధురిన్ అనే పదార్థం పుట్టుకతోనే ఉంటుంది. అది పురుగుల నుండి మొక్కకు రక్షణ. బెట్టకు ఎదుగుదల నిలిచినప్పుడు ఆకులో దాని పాలు పెరుగుతుంది. పశువు నమలగానే అది విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లం వెలువడుతుంది. పెద్దలు 'నాము' అన్నది ఇలాంటి జొన్ననే. ఈ విషం వల్ల రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీరం వాడుకోలేదు. పశువు రొప్పుతూ, వణుకుతూ కూలిపోతుంది.

కాబట్టి సభ్యులు ఈ జాగ్రత్తలు పాటించవలెను.

1. పూతకు రాని జొన్నను, బెట్టకు వాడిన జొన్నను పచ్చిగా మేపరాదు.
2. కోసిన మోళ్ల నుండి, వాన పడ్డాక వచ్చే లేత పిలకలు మరీ ప్రమాదం. పశువులను తోలరాదు.
3. యూరియా అధికంగా వేసిన చేలో విషం మరింత పెరుగుతుంది.
4. కోసి బాగా ఎండబెడితే, లేదా పాతర వేస్తే విషం తగ్గుతుంది.
5. సజ్జలో ఈ విషం ఉండదు. పచ్చిమేతకు కొంత సజ్జ వేసుకొనండి.

లక్షణాలు కనిపిస్తే నాటు వైద్యంతో కాలయాపన చేయక, వెంటనే పశువైద్యుని పిలవండి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సూదిమందులు నరానికి సకాలంలో అందితే పశువు బతికే అవకాశముంది.

ఈ అయిదు మాటలు ప్రతి సంఘం నోటీసు బోర్డుపై రాయించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. మరుసటి తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరులో ఏ పేరుకెదురుగానూ అలాంటి ఖాళీ కనిపించకూడదని మా కోరిక.