వ్యాపార విద్యకు దరఖాస్తు: అనుభవమున్న మన యువకులకు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



ఇటీవల మన కుటుంబములలోని యువకుడొకడు తన దరఖాస్తును మాకు చూపెను. జీన్సు దుస్తులు కుట్టించు తమ సొంత యూనిట్టులో ఆతడు ఆరేండ్లుగా పనిచేయుచున్నాడు. బి.కాం. మార్కులు సామాన్యము, క్యాటు పరీక్షలో వచ్చినదియు సామాన్యమే. అనుభవమను గడియెదుట “తండ్రిగారి వ్యాపారమున సహాయము” అని యొకే పంక్తి వ్రాసినాడు. మిగిలిన పుట యంతయు మార్కులు తగ్గినందుకు క్షమాపణ. ఎచ్చటనుండియు పిలుపు రాలేదు.

“నీవు చేసిన సహాయమేమి నాయనా?” యని యడిగితిమి. ఒక యేడు రంగు దిగుచున్నదని ముంబయి వ్యాపారి సరకంతయు త్రిప్పిపంపెనట. ఏ కట్ట ఏనాడు ఉతుకుడుకు పోయినదో చెప్పువారు లేరు. నాటినుండి ప్రతి కట్టకు నొక సంఖ్య వేసి, పుస్తకము పెట్టి, తప్పు జరిగిన చోటు పట్టుకొను పద్ధతి ఈతడే యేర్పరచినాడు. బిజినెస్ స్కూలువారు వినగోరునది సరిగా నిదియే. అది దరఖాస్తులో లేదు!

మరియొక పొరపాటు ద్వారమును గూర్చినది. 1973లో నెలకొన్న బెంగుళూరు ఐ.ఐ.ఎం. రెండేండ్ల కోర్సుకు క్యాటు స్కోరుతోపాటు పదవ తరగతి, పన్నెండవ తరగతి, డిగ్రీ మార్కులను గూడ లెక్కించును. పదునారవ యేట వచ్చిన మార్కులను ఇప్పుడెవరు మార్చగలరు? అదే సంస్థలో ఐదేండ్ల అనుభవము గలవారికి ఏడాది కోర్సున్నది. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఏడాది కోర్సుకు రెండేండ్ల అనుభవము కనీసము. ఇట్టి చోట్ల స్కోరు వలయును గాని, చేసిన పని, వ్రాసిన వ్యాసము, సిఫారసు లేఖలు, ముఖాముఖి యన్నియు తూకమునకు వచ్చును. ఆరేండ్లు పనిచేసినవాడు తట్టవలసిన తలుపు ఇదియే.

అట్లని స్కోరును విడువరాదు. క్యాటు ఏడాదికొక్కమారే. జీమ్యాటు ఏడాదిలో ఐదుమార్ల వరకు వ్రాయవచ్చును. స్కోరు ఐదేండ్లు చెల్లును. ఇంట తెలుగు, బడిలో కన్నడము, కాలేజీలో ఇంగ్లీషు నేర్చిన మన పిల్లలకు ఆంగ్లభాషా విభాగమే తరచుగా వెనుకకు లాగుచున్నది. లెక్కలు వచ్చినవాడు మరల లెక్కలే చేయుచు కూర్చుండుట మేమెరుగుదుము. ఆ ఆరునెలలు ఇంగ్లీషు చదువుట మేలు.

ఇక తండ్రులతో నొక మాట, కోపింపవలదు. మన యిండ్లలో కొడుకునకు జీతమిచ్చు ఆచారము లేదు. ఖాతాలు వ్రాయు కూతురి పేరు ఏ కాగితముమీదను లేదు. పదేండ్లు దుకాణము మోసినను బిడ్డకు సాక్ష్యము శూన్యము. నియామకపత్రము వ్రాసి, జీతమును బ్యాంకు ద్వారా చెల్లించి, ఆదాయపు పన్ను లెక్క వేయింపుడు. సిఫారసు లేఖ తండ్రి వ్రాసిన నెవరు నమ్ముదురు? వారి పని కన్నులార చూచిన ఆడిటరునో, గుడ్డ సరఫరా చేయు వర్తకునో యడుగుడు. తోరణగల్లు ఉక్కు కర్మాగారమునందు పనిచేయు వారికి ఈ చిక్కు లేదు. కాని వారును “షిఫ్టు చూచుకొంటిని” అని వ్రాసి యూరకుందురు. ఎందరిని నడిపితిరి, ఏమి మార్చితిరి, దానివలన నేమాయె నన్నది వ్రాయవలెను.

డబ్బిచ్చి వ్యాసము వ్రాయించుకొనువారును కలరు. ముఖాముఖిలో రెండవ ప్రశ్నకే అది బయటపడును. తెలుగు, కన్నడ, ఆంగ్ల నాటకములాడిన రాఘవగారి యూరివారము. మన కథ మనము చెప్పుకొన లేమా?

దూరము పోలేనివారికి మరియొక మార్గము. మన జిల్లా రాజ్యాంగపు 371-జె అధికరణము క్రిందికి వచ్చును. దాని ననుసరించి 2013 నుండి ఈ ప్రాంతపు కళాశాలలలో ప్రభుత్వము నింపు సీట్లలో నూటికి 70, తక్కిన రాష్ట్రమున 8 స్థానికులకు కేటాయింపబడినవి. పీజీసీఈటీ ద్వారా ఎం.బి.ఏ. చేరువారికిది యక్కరకు వచ్చును. ఐ.ఐ.ఎం.లకు వర్తింపదు. అందు చూచునది పుట్టుకయు నివాసమును గాని మాతృభాష కాదు. “మనము తెలుగువారము, మనకెవరిత్తురు?” అని 1953 నాటి సరిహద్దు తగవులు తలచుకొని అర్హతాపత్రమే అడుగని కుటుంబములు కలవు. తాతలనాటినుండి ఇచ్చటనే యున్న మనము అడుగక పోవుట యేల?

ఖర్చు మాటయు దాచము. పేరున్న సంస్థలలో ఫీజు పదుల లక్షలలో నుండును. ఏడాది సంపాదనయు పోవును. అప్పు పత్రముమీద సంతకము చేయుటకు ముందు, తిరిగివచ్చి యూనిట్టులో కూర్చుండుటయో, పరాయి కొలువు చేయుటయో తండ్రియు కొడుకును కూర్చుండి తేల్చుకొనవలెను.

మొదట చెప్పిన యువకుడు దరఖాస్తు తిరిగి వ్రాసినాడు. ఈమారు కట్టలమీది సంఖ్యల కథతో మొదలుపెట్టినాడు. తండ్రిగారు గత నెలనుండి జీతము బ్యాంకులో వేయుచున్నారు. జీమ్యాటు మరల వ్రాయుటకు తేదీ తీసికొన్నాడు, మేమును ఎదురుచూచుచున్నాము.