కోనసముద్రపు ఉక్కు కొలుములు
(శతవార్షికోత్సవ సభలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



ఒకటవ సమూయేలు గ్రంథము 13వ అధ్యాయములో ఇశ్రాయేలు దేశమున కమ్మరివాడే లేకుండా పోయిన సంగతి ఉన్నది. నాగటి కర్రు పదును పెట్టించుకోవాలన్నా ఫిలిష్తీయుల దగ్గరకే పోవలసి వచ్చింది. మన దేశములో కమ్మరులకు కరువు లేదు. వారి పనితనమే ఒకనాడు పరదేశులను మన పల్లెకు రప్పించింది.

ఆ పల్లె నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. పక్కనే కమ్మర్‌పల్లి, పేరులోనే కమ్మరి ఉన్నాడు. హెన్రీ వెస్లీ వాయ్‌సీ అనే వైద్యుడు ప్రభుత్వ సర్వేలో భూగర్భ పరిశోధకుడుగా పనిచేస్తూ ఇక్కడి కొలుములను కళ్లారా చూసి వ్రాశాడు. ఆయన 1824లో చనిపోగా ఆ వ్యాసము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఆయన వెళ్లిననాటికి పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు అక్కడే మకాము వేసి సరుకు చేయించుకుంటున్నాడట!

పని తీరు వినండి. మిట్టపల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు తీసుకొని, ముక్కలు చేసి, గాజుతో కలిపి మట్టి మూసలో పెట్టేవారు. ఆ మట్టిలో వడ్ల ఊక కలిపేవారు. మూత మట్టితో మూసి, బొగ్గుల మధ్య ఉంచి, రాత్రింబవళ్లు 24 గంటలు తిత్తులు ఊదేవారు. మెల్లగా చల్లారిన తరువాత మూస పగలగొడితే ఉక్కు బిళ్ల వచ్చేది. అది అప్పుడే సుత్తెకు లొంగదు. మట్టి పూసి మళ్లీ మళ్లీ కాల్చి మెత్తబరచాలి. సేలం ప్రాంతములోనైతే మూసలో తంగేడు పుల్లలు వేసేవారు. మనము గట్ల మీద చూసే తంగేడే!

డమాస్కసు కత్తులుగా పేరుపడినవి ఇటువంటి ఉక్కుతో చేసినవే. ఇంగ్లీషువారు 1795 నుంచి దీనిని ‘వూట్జ్’ అని వ్రాశారు. అది మన ‘ఉక్కు’ అనే మాటకు వికృతి అని పలువురి అభిప్రాయము. మైకేల్ ఫారడే 1819లో దీనిని పరీక్షించాడు. ఆయన కమ్మరి కుమారుడు, తన సంఘములో పెద్దగా సేవచేసిన భక్తుడు. ఇందులోని గుణము అల్యూమినియము వల్ల వచ్చిందని ఆయన తలచాడు గాని, అసలు కారణము ఒకటి రెండు శాతము కర్బనము. అంతటి శాస్త్రజ్ఞునికి చిక్కని కొలత మన కమ్మరి కంటికీ చేతికీ తెలుసు.

1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చిన పిమ్మట చౌక ఉక్కు లోకమంతా నిండి, మూస ఉక్కుకు గిరాకి పడిపోయింది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారు, బెంగుళూరు పరిశోధకులు ఉత్తర తెలంగాణ గ్రామాలు తిరిగి, చిట్టెము దిబ్బలను నమోదు చేశారు.

నా బాధ ఒక్కటే. వాయ్‌సీ పేరు నిలిచింది, ఫారడే పేరు నిలిచింది. తిత్తి ఊదినవాని పేరు ఏ పుస్తకములోనూ లేదు. మన పాస్టరేటుల పాత బాప్తిస్మపు రిజిస్టర్లలో తండ్రి వృత్తికి ఒక గడి ఉంటుంది. అందులో ‘కమ్మరి’ అని ఎక్కడ ఉన్నా, యౌవనస్థులు ఆ పేరు, ఊరు విడిగా ఎత్తి వ్రాయాలి. ఆ ఇంటి వృద్ధులను కలిసి మూస, తిత్తి, దిబ్బ గురించి అడిగి, వారి మాటల్లోనే వ్రాసుకోవాలి. దిబ్బలు చదునై పొలాలవుతున్నవి గనుక ఈ ఎండాకాలపు సెలవుల్లోనే మొదలుపెట్టమని మనవి.