దుఃఖమున్న ఇంట క్రిస్మస్

(ఆగమన కాలపు కూడికలో చేసిన ప్రసంగము)



ఆగమన కాలము వచ్చినదంటే మన గ్రామములలో ఇండ్లకు సున్నము వేయుదురు, వాకిట నక్షత్రము కట్టుదురు, పిల్లలకు క్రొత్త బట్టలు కుట్టింతురు. అయితే ప్రతి సంఘములోను నక్షత్రము కట్టని ఇల్లు ఒకటో రెండో ఉండును. "ఆ ఇంట ఈ యేడు పండుగ లేదండి" అని ఇరుగు పొరుగువారు చెప్పుదురు. మరణము జరిగి సంవత్సరము తిరుగలేదు. పాటల బృందము కూడ ఆ గుమ్మము దాటి ముందుకు పోవును. గౌరవముతోనే అలాగు చేయుదురు. కాని ఆ ఇంటివారికి కలుగు తలంపేమి? క్రిస్మస్ సంతోషముగా నున్నవారిదే గాని మనది కాదనియే గదా! ఈ తలంపు సరియైనదేనా?

మన తెలుగు బైబిలు విశ్వాసి ఆశకు 'నిరీక్షణ' అని పేరు పెట్టినది. నిరీక్షించుట అనగా ఎదురు చూచుట. డోర్నకల్ జంక్షనులో రైలు కొరకు కూర్చున్నవాడు నిరీక్షించును. రైలు ఇంకను రాలేదు గనుక ఎదురు చూచుచున్నాడు. వచ్చునని యెరుగును గనుక లేచి ఇంటికి పోడు. ఆశ మన కోరికనుండి పుట్టును. నిరీక్షణ మాట ఇచ్చినవానినిబట్టి పుట్టును. కాబట్టి కన్నీరు ఆరిన తరువాతనే నిరీక్షణ అని లేదు. కన్నీరు కార్చుచునే కనిపెట్టవచ్చును.

లూకా రెండవ అధ్యాయములోని అన్నను చూడుడి. పెండ్లియైన ఏడేండ్లకే భర్తను పోగొట్టుకొన్న విధవరాలు. దుఃఖము ఆమెను దేవాలయమునకు దూరము చేయలేదు. దేవాలయమే ఆమెకు ఇల్లాయెను. బాలయేసును గూర్చి యెరూషలేములో మాటలాడిన మొదటివారిలో ఆమె ఒకతె.

మత్తయి రెండవ అధ్యాయములో హేరోదు బేత్లెహేము పసిపిల్లలను చంపించెను. క్రిస్మస్ నాటకములో మనము గొల్లలను, జ్ఞానులను చూపుదుము గాని ఈ భాగమును విడిచిపెట్టుదుము. సువార్త విడువలేదు. యిర్మీయా గ్రంథమునుండి రాహేలు రోదనమును తెచ్చి అక్కడనే నిలిపినది. ఆ తల్లిని ఏడ్వవద్దని మత్తయి చెప్పలేదు. అయితే యిర్మీయా 31వ అధ్యాయములో ఆ రోదనము వెంటనే పిల్లలు తిరిగి వత్తురను వాగ్దానమును, మరి కొంత దూరములో క్రొత్త నిబంధన వాగ్దానమును ఉన్నవి.

మన తెలుగు తీరమునకు ఈ రోదనము తెలియనిది కాదు. 1864 నవంబరు 1న ఉప్పెన మచిలీపట్నమును ముంచగా సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయిరి. ముప్పది ఆరు దినములకే క్రిస్మస్ వచ్చినది. పైరు లేదు, పాక లేదు, కొన్ని ఇండ్లలో పిల్లలే లేరు. అటువంటి ఇంటికి క్రిస్మస్ ఏమి చెప్పును? అంతయు మేలుకేనని చెప్పదు. దేవుడు దూరమునుండి చూచుచు ఊరకుండలేదు, చావు తిరుగుచున్న ఈ లోకములోనికే శిశువై వచ్చెను, సమాధిలోనికి దిగి లేచెను అని చెప్పును. తొట్టిలో పరుండినవాడును సిలువనెక్కినవాడును ఒక్కడే.

మన అధ్యక్ష ఖండము పుట్టినదియు క్రిస్మస్ దినములలోనే. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రలులో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు బిషప్పుగా అభిషిక్తులైరి. శతాబ్ది సంఘమనగా నూరు పండుగలు చేసిన సంఘము మాత్రమే కాదు. నూరేండ్లు తన మృతులను నిరీక్షణతో సమాధి చేసిన సంఘము.

గనుక యౌవనస్థులకు ఒక మనవి. ఈ యేడు ఆ గుమ్మము దాటి పోవద్దు. ముందు సంఘపెద్దలు వెళ్లి, "అమ్మా, మేము వచ్చి కాసేపు కూర్చుండవచ్చునా?" అని అడుగవలెను. డప్పులు వద్దు, తాళములు వద్దు. ఒక్క పాట మెల్లగా పాడి, ప్రార్థనలో పోయినవారి పేరు పలుకుడి. పేరెత్తితే ఏడ్తురని జంకవద్దు, ఏడ్వనిండు. స్త్రీల మైత్రివారు ఆ పూటకు అన్నము, కూర పట్టుకొని పోవలెను. వద్దన్న యెడల బలవంతము చేయక, కొన్ని దినములు ఆగి మరల వెళ్లుడి.

దుఃఖములోనున్న ప్రియులారా, మీకును ఒక మాట. క్రొత్త బట్టలు కట్టుకొనకపోయినను ఫరవాలేదు, నక్షత్రము మాత్రము కట్టుడి. అది మీ సంబరమునకు గురుతు కాదు, మీ ఎదురుచూపునకు గురుతు. జ్ఞానులకు దారి చూపిన నక్షత్రము కనబడినది చీకటిలోనే గదా!

మన మధ్యకు వచ్చిన ప్రభువు మీ ప్రతి గుమ్మమునకు సమాధానము దయచేయును గాక. ఆమేన్.