రాజమహేంద్రవరమునకు విద్యుత్ బస్సులు



2023 ఆగస్టున కేంద్రప్రభుత్వ మామోదించిన పీఎం-ఈ బస్ సేవా పథకమున దేశమునకు 10,000 విద్యుత్ బస్సులు నిర్ణయింపఁబడినవి. మన రాష్ట్రమునకుఁ గేటాయించినవి 750. అందు రాజమహేంద్రవరమునకు 50, కాకినాడకు 50. బెజవాడకును విశాఖకును నూఱేసి. మేము సంతసించితిమి. కోటిపల్లి బస్టాండున నిలుచుండి పాతబండి విడుచు పొగ మ్రింగినవాఁ డెవ్వఁడు సంతసింపఁడు?

అయినను, గ్రాంటు పుచ్చుకొనువారు దాని షరతులను జదువవలదా? ఈ ధనము మనకు బస్సులు కొనిపెట్టునది కాదు. బండి గుత్తదారునిది, డ్రైవరును అతని మనిషియే. నడిచిన ప్రతి కిలోమీటరునకును అతనికి రేటు చెల్లింపవలెను. అందు బండి పొడవునుబట్టి 20 మొదలు 24 రూపాయలవఱకుఁ గేంద్రమిచ్చును, అదియుఁ బదేండ్లే. తక్కినది టికెట్టు రాబడియో, రాష్ట్రఖజానాయో మోయవలెను. 2025 ఆగస్టు 15 మొదలు ఆర్టీసీ సాధారణ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు. అది మంచిపనియే, మేము కాదనము. కాని బండి నిండినంతమాత్రమున పెట్టె నిండదు.

గుత్తదారునికి బాకీపడినచో రాష్ట్రపు ఖాతానుండి నేరుగా వసూలగు నేర్పాటును గేంద్రము 2024లోనే చేసినది. అతనికి భయములేదు. లోటు వచ్చిననాఁడు కోఁతపడునది కోనసీమకుఁ బోవు పల్లెవెలుగునకే యని మా భయము.

కావున ఒడంబడికను దెలుఁగున అచ్చొత్తించి డిపో గోడకంటింపుఁడని యడుగుచున్నాము. వంతెన దాఁటి కొవ్వూరు పోవు బండ్లెన్ని, ధవళేశ్వరము పోవున వెన్ని, పదేండ్లు నిండిన పిమ్మట వాని ఖర్చెవరిది—ఇవన్నియు నందుండవలెను.